విజయవాడలో నమ్మకంగా కారు చూసే మెకానిక్ ఎవరన్నా ఉన్నారా? (స్విఫ్ట్ డీజిల్, ముందు టైరు దగ్గర టక్‌టక్)

పోరంకి_కుర్రోడు · సోమవారం రాత్రి 9:52

నమస్తే అందరికీ. నాది 2015 స్విఫ్ట్ డీజిల్, 96 వేలు తిరిగింది, మా నాన్నగారి బండి, ఇప్పుడు నేను వాడుతున్నా. రెండు నెలల నుంచి ఎడమ పక్క ముందు టైరు దగ్గర టక్ టక్ మని ఒకటే శబ్దం. స్పీడులో రాదు, గతుకుల్లో నెమ్మదిగా పోయేటప్పుడే వచ్చిద్ది, పోరంకి నుంచి బెంజి సర్కిల్ వచ్చేలోపు బుర్ర వాచిపోద్ది.

ఊళ్ళోనే ఒక పెద్ద మల్టీబ్రాండ్ షాపులో ఇచ్చా, ఏసీ వెయిటింగ్ రూము, కాఫీ మెషిను, యూనిఫాం కుర్రాళ్ళు, అంతా బాగుంది. లింక్ రాడ్లు (సస్పెన్షన్లో ఉండే చిన్న కడ్డీలు) పోయాయన్నారు, రెండూ మార్చారు, 3,200 అయింది. బండి బయటికి తీసి మొదటి స్పీడ్ బ్రేకర్ దాటానో లేదో మళ్ళీ టక్. వెనక్కి తిప్పి తీసుకెళ్తే ఈసారి ఇంకో పెద్ద లిస్టు రాసిచ్చారు: ముందు షాకబ్జార్బర్లు రెండు, వాటి మౌంటింగులు, లోయర్ ఆర్మ్‌లు రెండు, స్టీరింగ్ ర్యాక్, మొత్తం 38,500. ఇవి చేయించకపోతే హైవే మీద మాది గ్యారంటీ లేదు సార్ అని మా ఆవిడ ముందే అన్నాడు, ఇంక ఆవిడ కారెక్కనంటోంది.

నిజంగా అన్నీ పోయాయా లేక నన్ను చూస్తే మేకలా కనపడుతున్నానా తెలీట్లేదు. నమ్మకమైన వాళ్ళుంటే చెప్పండి ప్లీజ్.

గుణదల_గేర్‌బాక్స్ · సోమవారం రాత్రి 10:05

38 వేలా?? పారిపో బ్రో. కాఫీ మెషిను ఉన్న చోట కాఫీ డబ్బులు కూడా బిల్లులోనే ఉంటాయి. ఆటోనగర్ పక్కనే పెట్టుకుని ఈ షాపులకెందుకు పోతారో అర్థం కాదు నాకు. ఎక్కడెక్కడి నుంచో లారీలు ఇక్కడికొచ్చి బాడీ కట్టించుకుని పోతాయి, మనం మాత్రం గ్లాసు డోరున్న షాపు వెతుక్కుంటాం.

గుంటూరు_కారం · సోమవారం రాత్రి 10:11

మేక కాదు బ్రో, బక్రీద్ ముందు రోజు మేక 😂

మోడ్ · సోమవారం రాత్రి 10:20

గుర్తు చేస్తున్నా, షాపుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, మంచికైనా చెడుకైనా. పోయినసారి ఒక షాపు వాళ్ళే నాలుగు ఐడీలతో వచ్చి వాళ్ళని వాళ్ళే పొగుడుకుని, ఐదో ఐడీతో పక్క షాపుని తిట్టారు. కావాలంటే పర్సనల్ మెసేజ్ పెట్టుకోండి.

పాత_పానా · సోమవారం రాత్రి 10:34

బాబూ, బ్రేకు మీద కాలు ఊరికే ఆనించి అదే గతుకులో మళ్ళీ పో. శబ్దం ఉందా ఆగిందా చెప్పు. అప్పటిదాకా ఎవరికీ రూపాయి ఇయ్యకు.

షోరూం_మాజీ · సోమవారం రాత్రి 11:02

ఆరేళ్ళు ఒక కంపెనీ సర్వీస్ సెంటర్లో అడ్వైజర్‌గా చేసి మానేశా, కాబట్టి లోపల సంగతి చెప్తా. బండి తీసుకునే అడ్వైజర్‌కి నెల టార్గెట్ ఉంటది. బండి లెక్కన కాదు, బండికి ఎంత బిల్లు చేశావ్ అనే లెక్కన. అందుకే మీరు ఆయిల్ మార్చమని వస్తే ఇంజన్ ఫ్లష్, త్రోటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ వెంట్లలో వాసన స్ప్రే, కింద కోటింగ్ ఇలా ఒక్కోటీ ఎక్కిస్తారు. అవన్నీ మోసం అనట్లా, కొన్ని నిజంగా అవసరమే, కానీ 15 వేలు తిరిగిన బండికి ఇంజన్ డీకార్బనైజింగ్ ఎందుకయ్యా. మీరు సంతకం పెట్టే జాబ్ కార్డు చదవండి, అందులో లేనిది చేస్తే ముందు ఫోన్ చేయాలి అని పెన్నుతో రాసి సంతకం పెట్టండి. నా ఆరేళ్ళలో అలా రాసినవాళ్ళు పదిమంది ఉండరు, ఆ పదిమంది బళ్ళ జోలికి మేం పోయేవాళ్ళం కాదు, ఒట్టు.

ఇంకోటి, బండి వారంటీలో ఉంటే మాత్రం కంపెనీ సర్వీసే మేలు, రేపు ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో ఏదన్నా అయితే సర్వీస్ హిస్టరీ ఏదీ అని అడుగుతారు. 2015 బండికి ఆ గొడవ లేదు.

కానూరు_కావ్య · మంగళవారం ఉదయం 7:15

నాకు వేరే బాధ. కారు నాది, డబ్బులు నావి, డ్రైవింగ్ నాది, కానీ షెడ్డుకి వెళ్తే మెకానిక్ మా వారి మొహం చూసి మాట్లాడతాడు, ఆయనకి బానెట్ ఎటు తెరుచుకుంటదో కూడా తెలీదు. ఒంటరిగా వెళ్తే "సార్‌ని పంపండి మేడం" అంటాడు. ఈ ఎండాకాలం నా ఐ10 ఏసీ చల్లదనం తగ్గిందని వెళ్తే గ్యాస్ అయిపోయింది అన్నాడు, 1,800 తీసుకున్నాడు, పోయిన ఏడాదీ అంతే, అంతకుముందు ఏడాదీ అంతే. ఇదేమన్నా సిలిండరా ఏటా అయిపోవడానికి?

గుణదల_గేర్‌బాక్స్ · మంగళవారం ఉదయం 8:40

మేడం కరెక్టుగా పట్టుకున్నారు. కారు ఏసీలో గ్యాస్ వాడకానికి అయిపోదు, మూసిన పైపుల్లో తిరుగుతానే ఉంటది, ఏటా కొట్టించుకోవాల్సి వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. కండెన్సర్ రాయి తగిలి చిల్లు పడుండొచ్చు, డాష్ బోర్డు లోపల కూలింగ్ కాయిల్ పోయుండొచ్చు, పైపు దగ్గర రబ్బరు ఓ-రింగు పోయుండొచ్చు. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి లీకు చూడమనండి, ముందు అది చూడకుండా గ్యాస్ కొట్టేవాడు మళ్ళీ ఏడాది మిమ్మల్నే ఎదురు చూస్తున్నాడని అర్థం. ఏసీ పని ఏసీ వాడి దగ్గరే చేయించండి, మామూలు మెకానిక్ దగ్గర వద్దు.

ఆటోనగర్_కౌంటర్ · మంగళవారం మధ్యాహ్నం 1:30

అన్నం తిని ఖాళీగా ఉన్నా కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా. ఆటోనగర్లో స్పేర్ పార్ట్స్ షాపులో పద్నాలుగేళ్ళుగా కౌంటర్ మీద ఉన్నా.

గుణదల అన్న ఆటోనగర్ పో అన్నాడు, బాగానే ఉంది, కానీ ఆటోనగర్ అంటే ఒక షాపు కాదుగా. కొత్తవాళ్ళు లోపలికొచ్చి మొదట కనపడిన షెడ్డు ముందు బండి ఆపి, ఆయన అన్నీ చేస్తానంటే ఇచ్చేసి పోతారు. ఇక్కడ ఎవరి పని వాళ్ళది. రేడియేటర్ వాడు రేడియేటరే చూస్తాడు, డీజిల్ పంపు వాడు పంపూ ఇంజెక్టర్లే, సెల్ఫూ డైనమో చుట్టేవాడు వేరు, స్ప్రింగు కట్టలు చూసేవాడు వేరు, లేత్ వాడు వేరు, టింకరింగ్ వేరు, పెయింటింగ్ వేరు, అలైన్‌మెంట్ వేరు. మంచి మెకానిక్ అన్నీ తనే చేయడు, ఏది ఎవరి దగ్గరికి పంపాలో తెలిసినోడు. నేనే చేస్తానంటే మాత్రం ఆలోచించు.

ఇంక నమ్మకం సంగతి. మా కౌంటర్ ముందు రోజూ ముప్పై నలభై మంది మెకానిక్కులు నిలబడతారు. ఎవడు ఎలాంటోడో షెడ్డుకి పోకుండానే తెలిసిపోద్ది మాకు. ఒకడు ఫోన్ చేసి "స్విఫ్ట్ సస్పెన్షన్ మొత్తం సెట్టు పంపు" అంటాడు, అంటే బండి ఇంకా జాకీ కూడా ఎక్కలేదు. ఇంకొకడు నడిచొస్తాడు, చేతికి గ్రీజు, పాత బుష్షు గుడ్డలో చుట్టుకుని తెచ్చి కౌంటర్ మీద పెట్టి, మేం ఇచ్చిన కొత్తది పక్కన పెట్టి, కొలత చూసి, వేలు పెట్టి తిప్పి, "ఇది కాదన్నా, దీని లోపల సైజు తేడా ఉంది" అంటాడు. మాకు వాడితో విసుగే, గంటకి రెండుసార్లు తిరిగొస్తాడు, వాడని సామాను సాయంత్రానికి వాపసు తెస్తాడు. మా అన్నయ్య కారు మాత్రం వాడి దగ్గరికే పంపుతా.

మూడో రకం ఉన్నాడు, "బిల్లు ఎంతకి రాస్తావ్" అనేవాడు. వాడి గురించి చెప్పేదేముంది.

మెకానిక్‌కి మేం రేటు తగ్గించి ఇస్తాం, అది అందరికీ తెలిసిందే, దాచేదేం లేదు. తెచ్చే శ్రమ ఉంటది, తప్పుడు సామాను వస్తే మార్చే తలనొప్పి ఉంటది, ఆ మార్జిన్ మీదే చాలామంది బతుకుతారు. దాన్ని దొంగతనం అనొద్దు. కానీ ఒరిజినల్ అని చెప్పి లోకల్ వేస్తే అది దొంగతనమే. అందుకే డబ్బా చూపించమనండి, దాని మీద ఎంఆర్పీ, పార్ట్ నంబరు ఉంటాయి. పాత సామాను డిక్కీలో పెట్టమని బండి ఇచ్చేటప్పుడే చెప్పండి, తర్వాత అడిగితే పాత సామాను వాడొచ్చి తీసుకెళ్ళాడు అంటారు.

కొత్త ఊరికొచ్చినోడు మెకానిక్ కోసం వెతకాలంటే మెకానిక్‌ని అడగొద్దు, మాలాంటి కౌంటర్ కుర్రాణ్ణి అడగండి. "నీ సొంత బండి ఎవరికిస్తావ్" అని. అంతే.

పోరంకి_కుర్రోడు · మంగళవారం మధ్యాహ్నం 2:10

అన్నా సూపర్. మీ సొంత బండి ఎవరికిస్తారు 🙂

ఆటోనగర్_కౌంటర్ · మంగళవారం మధ్యాహ్నం 2:14

నాది స్ప్లెండర్. మెసేజ్ పెట్టా చూడు.

మాస్టారు_పటమట · మంగళవారం సాయంత్రం 5:48

నేను 1994 నుంచి మారుతి 800 నడిపాను, ఇప్పుడు వ్యాగనార్. ముప్పై ఏళ్ళలో ముగ్గురే మెకానిక్కులు. నా పద్ధతి చెబుతాను. కొత్త మనిషి దగ్గరికి పెద్ద పనికి పోను. ముందు హారన్ మోగట్లేదనో, వైపర్ బ్లేడు మార్చమనో చిన్న పనికి వెళతాను. రెండు వందల పనికి ఎంత శ్రద్ధ పెడతాడో, ఎంత అడుగుతాడో, నట్టు కిందపడితే వెతుకుతాడో ఇంకోటి వేస్తాడో చూస్తాను. ఒకాయన హారన్ చూడమంటే రిలే మార్చాలి, వైరింగు మార్చాలి అన్నాడు. ఇంకొకాయన వైరు కొస తుప్పు గీకి మళ్ళీ గుచ్చి, డబ్బులొద్దు మాస్టారూ అన్నాడు. ఆయన దగ్గరే పదకొండేళ్ళు చేయించుకున్నాను, ఆయన కొడుకు ఇప్పుడు సాఫ్ట్‌వేరు.

దసరాకు ముందు వారం మాత్రం ఎవరి దగ్గరికీ వెళ్ళవద్దు. ఆయుధ పూజకి షెడ్డు కడుక్కునే హడావుడిలో సగం బిగించి పంపుతారు.

గుంటూరు_కారం · మంగళవారం సాయంత్రం 6:02

మాస్టారూ మాకు హారన్ ఎప్పుడూ పాడవదు, గుంటూరులో బ్రేకు కన్నా దాన్నే బాగా చూసుకుంటాం

సింగ్‌నగర్_సీత · మంగళవారం రాత్రి 9:20

అందరూ మోసాలు చెప్తున్నారు, నేను ఒక మంచి చెప్తా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద వచ్చినప్పుడు మా బాలెనో సెల్లార్లో ఉంది. తెల్లారి లేచేసరికి స్టీరింగు దాకా నీళ్ళు, మేం మేడ మీద, కింద కారు పైభాగం ఒక్కటే మెరుస్తా కనపడేది. నాలుగో రోజు నీళ్ళు తగ్గాయి. పక్క ఫ్లాట్ అంకుల్ కిందకి దిగి, చూద్దాం స్టార్టవుద్దేమో అని సెల్ఫ్ కొట్టారు, ఒక్కసారి గుర్ మని ఆగిపోయింది. మా వారు కూడా తాళం పట్టుకున్నారు, అప్పుడే మా మెకానిక్ బాబు ఫోన్ చేశాడు. పాపం అతనిది కూడా వాంబే కాలనీ, అతని ఇంట్లోనే నడుము లోతు నీళ్ళు. "అక్కా తాళం పెట్టొద్దు, బ్యాటరీ టెర్మినల్ పీకెయ్, ఫొటోలు తీసి ఇన్సూరెన్స్‌కి చెప్పి టోయింగ్ బండి కోసం ఆగు" అన్నాడు, మొత్తం అంతే మాట్లాడాడు.

అప్పుడు తెలీదు కానీ తర్వాత చెప్పాడు, సిలిండర్లోకి నీళ్ళు పోయాక సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి వచ్చి నీళ్ళని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోద్ది, అప్పుడు ఇన్సూరెన్స్ వాడు ఇది వరద నష్టం కాదు నువ్వు స్టార్ట్ చేయబట్టి వచ్చిన నష్టం అంటాడు, ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ (ఇంజన్ కోసం విడిగా తీసుకునే కవర్) ఉంటే తప్ప ఇవ్వరు. మాకు రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి రాసిన విలువలో) 75 శాతం దాటిందని టోటల్ లాస్ కింద ఇచ్చారు. అంకుల్‌కి ఇంజన్ దగ్గర పేచీ వచ్చింది, ఎన్ని నెలలు తిరిగారో.

ఆ బాబుకి మా బండి పని రాలేదు, రూపాయి రాలేదు. ఇప్పుడు కొత్త కారు వారంటీలో ఉంది కాబట్టి సర్వీసుకి కంపెనీకే ఇస్తున్నాం, కానీ పంక్చరైనా సరే ముందు అతనికే ఫోన్ చేస్తా.

షోరూం_మాజీ · మంగళవారం రాత్రి 9:41

సీత గారు చెప్పింది అక్షరాలా నిజం. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు కూడా చూసుకోండి, ఆ వరద బళ్ళు కడిగి మెరిపించి ఇప్పటికీ తిరుగుతున్నాయి. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి చూడండి, లోపల చుట్టిన భాగంలో బురద మరక ఉంటది, అక్కడ ఎవడూ కడగడు. స్టెప్నీ కింద గుంట కూడా.

పాత_పానా · మంగళవారం రాత్రి 10:15

పోరంకి బాబూ, బ్రేకు సంగతి ఏమైంది.

గుణదల_గేర్‌బాక్స్ · మంగళవారం రాత్రి 10:22

అది స్ట్రట్ (ముందు షాకబ్జార్బర్) మౌంటింగే అయ్యుంటది, స్విఫ్టులో అది కామనే. బానెట్ తీసి స్ట్రట్ పైన చెయ్యి పెట్టి ఇంకొకళ్ళని స్టీరింగ్ తిప్పమను, చేతికి తెలిసిపోద్ది. లేదా బ్యాటరీ క్లాంపు లూజై ఉంటది, మా కజిన్ బండికి ఇదే శబ్దానికి లోయర్ ఆర్మ్ మార్చారు, చివరికి చూస్తే బ్యాటరీ ఊగుతోంది.

ఆటోనగర్_కౌంటర్ · మంగళవారం రాత్రి 10:30

స్ట్రట్ పోతే ముందు దాని మీద ఆయిల్ కారిన తడి కనపడాలి. టైరు పైకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉంటే బాల్ జాయింటో బేరింగో, రెండు పక్కలా పట్టుకుని ఊపితే ఆట ఉంటే టై రాడ్డు, ర్యాక్ ఎండు. ఇవేవీ చూపించకుండా నాలుగు ఐటమ్‌లు ఒకే కాగితం మీద రాసిచ్చారంటే శబ్దం ఎక్కడిదో వాళ్ళకీ తెలీదన్నమాట. అన్నీ మార్చేస్తే ఏదో ఒకటి తగులుద్దిలే అని. పాత పానా పెద్దాయన చెప్పింది చెయ్యి ముందు.

పోరంకి_కుర్రోడు · బుధవారం ఉదయం 8:05

సారీ సార్, మధ్యలో చదవలేదు, మీ మెసేజ్ కిందకి పోయింది. ఇవాళ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు చేస్తా.

పోరంకి_కుర్రోడు · బుధవారం ఉదయం 9:50

ఆగిపోయింది!!! కాలవ గట్టు రోడ్డులో మామూలుగా పోతే టక్ టక్ టక్. వెనక్కి తిప్పి బ్రేకు మీద కాలు అలా ఆనించి పెట్టి అదే గుంతల్లో పోయా, చడీ చప్పుడూ లేదు. కాలు తీస్తే టక్. మూడుసార్లు తిరిగా, వెనకాల ఆటో అతను ఏమన్నా పోగొట్టుకున్నారా సార్ అని అడిగాడు. ఏంటి సార్ ఇది?

పాత_పానా · బుధవారం ఉదయం 10:40

క్యాలిపర్, అంటే బ్రేకు ప్యాడ్లని డిస్కు మీద నొక్కే భాగం. బ్రేకు పట్టగానే ప్యాడ్లు డిస్కుని కరుచుకుంటాయి, కదలవు, కాబట్టి శబ్దం ఆగింది. సస్పెన్షన్ అయితే బ్రేకు పట్టినా మోగుద్ది. ప్యాడ్లు ఊగకుండా పట్టుకునే స్టీలు క్లిప్పులు ఉంటాయి, అవి లేకపోయినా అరిగినా, క్యాలిపర్ జారే పిన్నులు లూజైనా ఇలాగే మోగుద్ది. ఈ మధ్య ప్యాడ్లు ఎవరు మార్చారు?

గుంటూరు_కారం · బుధవారం ఉదయం 11:15

38,500 క్లిప్పు 🤣🤣

కానూరు_కావ్య · బుధవారం మధ్యాహ్నం 12:30

ఆగండి, ఆయన అడిగిన ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. ప్యాడ్లు ఎవరు మార్చారు?

పోరంకి_కుర్రోడు · బుధవారం రాత్రి 11:20

చెప్పాలంటే కొంచెం ఇబ్బందిగానే ఉంది.

ప్యాడ్లు మార్చింది ఈ షాపు కాదు. మా బాబాయ్. సొంత బాబాయ్ కాదు, నాన్నగారి అంబాసిడర్ రోజుల నుంచి మా ఇంటి బళ్ళు ఆయనే చూస్తాడు, నేను పుట్టినప్పుడు అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా ఆయనేనంట. రెండు నెలల క్రితం ప్యాడ్లు ఆయనే మార్చాడు. శబ్దం మొదలైంది కూడా అప్పుడే, ఇప్పుడు లెక్కేస్తే సరిగ్గా అప్పుడే, కానీ ఆయన మీదకి నా ఆలోచనే పోలేదు. ఆయనకి ఈ మధ్య చూపు సరిగా ఆనట్లేదని, మళ్ళీ కష్టపెట్టడం ఎందుకని పెద్ద షాపుకి పోయా.

సాయంత్రం కౌంటర్ అన్న చెప్పిన ఆటోనగర్ మెకానిక్ దగ్గరికెళ్ళా. ఏమీ మాట్లాడలేదు, ముందు నా పక్కన కూర్చుని మహానాడు రోడ్డు దాకా వచ్చి శబ్దం విన్నాడు. తర్వాత టైరు విప్పాడు. నన్ను పిలిచి టార్చి లైటు నా చేతికే ఇచ్చి చూడమన్నాడు. ఎడమ పక్క క్లిప్పులే లేవు, ప్యాడు వేలితో నెడితే అటూ ఇటూ ఆడుతోంది. పిన్నులకి మామూలు గ్రీజు పూశారంట, దాంతో రబ్బరు బూటు ఉబ్బిపోయి ఉంది, దీనికి బ్రేకు గ్రీజు వేరే ఉంటది, మామూలు గ్రీజుకి రబ్బరు పాడవుద్ది అని చూపించాడు. కుర్రాణ్ణి పంపి క్లిప్పులు, బూట్లు తెప్పించాడు, ముందు రెండు పక్కలా వేశాడు, గ్రీజు, లేబర్ కలిపి 850. పాత బూట్లు కవర్లో పెట్టి సీటు మీద పెట్టాడు, నేను అడగకుండానే. స్ట్రట్లు, బాల్ జాయింట్లు అన్నీ ఊపి చూశాడు, బాగున్నాయి, కుడి లోయర్ ఆర్మ్ బుష్షు మాత్రం పగులు వచ్చింది, ఇంకో పది వేల కిలోమీటర్లు తిరుగు తర్వాత చూద్దాం అన్నాడు.

శబ్దం పోయింది. వచ్చేటప్పుడు రేడియో కట్టేసి నడిపా.

గుణదల_గేర్‌బాక్స్ · గురువారం ఉదయం 7:30

850 🙏 పాత పానా గారూ మీరు ఎక్కడుంటారు, కారు తీసుకుని వస్తా

పాత_పానా · గురువారం ఉదయం 7:55

మోకాళ్ళు పనిచేయట్లేదు బాబూ. కూర్చుని ఫోనే.

మాస్టారు_పటమట · గురువారం ఉదయం 8:30

బాబాయి గారికి చెప్పారా?

పోరంకి_కుర్రోడు · ఆదివారం సాయంత్రం 6:40

చెప్పకూడదనుకున్నా మాస్టారూ, నాన్నగారు చెప్పాల్సిందే అన్నారు, రేపు ఇంకొకడి బండికి కూడా అలాగే వేస్తాడు, బ్రేకులతో ఆటలా అన్నారు. ఇవాళ పొద్దున పోయా. ఉబ్బిన బూటు చేతిలో పెడితే కళ్ళజోడు నుదుటి మీద నుంచి కిందకి దించుకుని చాలాసేపు చూశాడు. క్లిప్పులు తుప్పు పట్టి విరిగాయిరా, తెప్పించి వేద్దామనుకుని మర్చిపోయా అన్నాడు. గ్రీజు గురించి ఏమీ అనలేదు. మా ఆవిడకి కాఫీ ఇయ్యమని లోపలికి కేకేశాడు. నేను లేచేటప్పుడు ప్యాడ్ల లేబర్ డబ్బులు తిరిగి ఇయ్యబోయాడు, తీసుకోలేదు, జేబులో కుక్కాడు. ఇంకనుంచి ఆయిల్ మార్పుకి, బ్యాటరీకి ఆయన దగ్గరికే పోతా, బ్రేకులు ఆటోనగర్. ఆయనే అన్నాడు అలా చెయ్యమని.

షోరూం_మాజీ · ఆదివారం రాత్రి 8:05

మరి ఆ మొదటి షాపు సంగతి వదిలేశారా? 3,200 ఊరికే పోయినట్టేగా. జీఎస్టీ బిల్లు ఇచ్చుంటే అడగొచ్చు. మాట వినకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, కంప్లైంట్ రాసుకుని షాపు వాడికి పంపుతారు. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. బిల్లు లేకుండా చిట్టీ మీద చేయించుకుంటే మాత్రం ఏ దారీ ఉండదు, 18 శాతం మిగిలిందని సంబరపడతాం అంతే.

ఆటోనగర్_కౌంటర్ · ఆదివారం రాత్రి 8:20

పాత లింక్ రాడ్లు ఇచ్చారా? డిక్కీలో చూడు. ఉంటే బాల్ పట్టుకుని తిప్పు, బిగుతుగా ఉందా వేలాడుతోందా.

పోరంకి_కుర్రోడు · మంగళవారం రాత్రి 9:15

అన్నా స్టెప్నీ కింద ఉన్నాయి, కవర్లో. రెండూ రాయిలా బిగుతుగా ఉన్నాయి, చేత్తో తిప్పలేకపోయా, బూట్లు కూడా చిరగలేదు. ఫోటో పంపితే మీరన్నట్టు ఇంకో నలభై వేలు తిరిగేవే.

అవీ బిల్లూ పట్టుకుని షాపుకి పోయా. కౌంటర్ మీద పెట్టి ఇందులో ఏం పోయిందో చూపించండి అన్నా. మేనేజర్ వచ్చాడు, కాఫీ ఇచ్చాడు, టెక్నీషియన్ మానేశాడు సార్ అన్నాడు. 1915 అనగానే లోపలికెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చి లేబర్ 900 వెనక్కి పంపాడు ఫోన్‌పేలో, సామాను డబ్బులు కుదరదన్నాడు. దాంతో పాటు వచ్చే సర్వీసుకి 1,000 రూపాయల కూపన్ ఇచ్చాడు. మిగతా డబ్బుల కోసం ఇంకా పోట్లాడదామనుకున్నా గానీ ఆఫీసు టైమయింది.

కూపన్ మార్చి దాకా చెల్లుద్ది. ఎవరికన్నా కావాలా?

గుంటూరు_కారం · మంగళవారం రాత్రి 9:18

బక్రీద్ దాకా చెల్లితే చెప్పు బ్రో

కానూరు_కావ్య · మంగళవారం రాత్రి 9:40

నా ఏసీ అప్‌డేట్ కూడా రాసేస్తా. నైట్రోజన్ పెట్టమన్నా, ఆ మాట వినగానే ఏసీ అబ్బాయి నిటారుగా అయ్యాడు, సార్‌ని పంపండి అనలేదు. సబ్బు నురగ పూస్తే కండెన్సర్ మూల బుడగలు వచ్చాయి, నా కళ్ళతో చూశా. కండెన్సర్ మారుస్తున్నాడు, డబ్బా చూపించాకే వేయమన్నా.

పాత_పానా · మంగళవారం రాత్రి 10:10

మంచిదమ్మా. కండెన్సర్‌తో పాటు డ్రయర్ (గ్యాస్‌లో తడి పీల్చేది) కూడా మార్చమను.

పోరంకి బాబూ, చక్రాలు విప్పారుగా. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు ఒకసారి మళ్ళీ బిగించి చూసుకో.